ఇంకో సాలు

సోమనర్సయ్య సార్ క్లాసులో నిద్రపోయాడు.

బల్ల మీద తల వాల్చి కాదు, నిలబడే. కుడిచేతిలో నోట్సు, ఎడమచెయ్యి కుర్చీ వీపు మీద. ‘కావున ఈ పద్యమున కవి హృదయము...’ అన్నచోట గొంతు ఆగింది. కళ్లు మూతపడ్డాయి. వెనక బెంచీలో ఒకడు లేచి, సార్ గొంతుతోనే, ‘...మనకు తేటతెల్లమగుచున్నది’ అని వాక్యం పూర్తిచేశాడు. ఏళ్ల తరబడి చేతులు మారుతూ వస్తున్న సార్ నోట్సులో ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది మరి.

క్లాసు గొల్లుమంది. సార్ కళ్లు తెరిచాడు. “ఆఁ. తేటతెల్లమగుచున్నది” అని పేజీ తిప్పాడు.

వరండాలో నిలబడి చూస్తున్న విద్యాసాగర్ నవ్వలేదు. ఆ కుర్చీ కోసం అతను తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

అది 1982. జనగామలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగుకు ఒకటే పర్మనెంటు ఉద్యోగం. అందులో సోమనర్సయ్య సార్ ఉన్నాడు. ఊరు ఆయన్ని ప్రొఫెసర్ అనే పిలిచేది. విద్యాసాగర్ పార్ట్‌టైం లెక్చరర్. గంటల లెక్కన జీతం, సెలవుల్లో అదీ లేదు. ‘సార్ రిటైరు కాగానే నీదే’ అని చేరిననాడు చెప్పారు. సార్‌కు యాభై ఎనిమిది నిండాయి. కాలేజీ కమిటీ ఒక ఏడాది పొడిగించింది. ఆ ఏడాది కాగానే మరొకటి. ఇప్పుడు మూడోసారి అడుగుతాడని స్టాఫ్‌రూమంతా చెప్పుకుంటోంది. ఈ ఏడు ఉద్యోగం రాకపోతే విద్యాసాగర్‌కు వయసు దాటుతుంది. ఆ తర్వాత ఏ కాలేజీ అతని దరఖాస్తు ముట్టుకోదు.

సాయంత్రం రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాడు. భార్య విమల అక్కడి బడిలో టీచరు కాబట్టి కాపురం అక్కడే. చెప్పులు విప్పకముందే ఆమె అడిగింది.

“ఏమాయె? మీ సార్ దిగిండా?”

“దిగలే.”

“ఆయన దిగడు, నువ్వెక్కవు. ఎక్కుడు దిగుడంతా రైలే ఆయె నీకు.”

“ఆయన మంచోడే విమలా.”

“మంచోడైతే జర జరుగుమను. బస్సుల ముసలోళ్లొస్తే మనం లేచి జాగ ఇస్తలేమా? కాలేజీల ముసలోళ్లు లేచి మనకియ్యొద్దా?”

విద్యాసాగర్ చెప్పులు విప్పి మూలన పెట్టాడు. నిజానికి అతనికి ఆ ముసలాయన మీద ఉన్నది ఒక్క కోపం కాదు. దాని కింద ఇంకా పాతది ఒకటుంది.

అది అరవై తొమ్మిది నాటిది. అప్పుడు విద్యాసాగర్ అదే కాలేజీలో విద్యార్థి. ప్రత్యేక రాష్ట్ర పోరాటం ఊరూరా అంటుకుంది. తరగతులు బందయ్యాయి. కాలేజీ గేటు పక్క గోడ మీద అతను తన చేత్తో, ఎర్రటి జాజుతో, తాటికాయంత అక్షరాల్లో రాశాడు: ‘దోపిడి ఇగ సాలు! మా కొలువులు మాకే!’

వెనకవీధిలో పోలీసు జీపు తిరుగుతోంది. సోమనర్సయ్య సార్ తెల్లధోవతి కట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. తమతో కలుస్తాడనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన జేబులోంచి సుద్దముక్క తీశాడు. ‘ఇగ సాలు’ను అడ్డంగా కొట్టేసి, పైన ‘ఇక చాలు’ అని రాశాడు.

“ఉద్యమం చేయండి. అక్షరదోషం లేకుండా చేయండి. సాలు అనే మాట లేదు. ఉన్నది చాలు ఒక్కటే.”

“మా అవ్వ సాలనే అంటది సార్” అన్నాడు విద్యాసాగర్.

“మీ అమ్మగారు పరీక్ష రాయరు కదా నాయనా.”

నవ్వింది విద్యాసాగర్ పక్కనున్న పిల్లలే. ఆ ఏడాది పరీక్షలు జరగలేదు. ఆనాడు తిన్న లాఠీదెబ్బ మానింది. ఆ నవ్వు మాత్రం మానలేదు.

తమాషా ఏమిటంటే, సోమనర్సయ్య సార్ పుట్టింది కోస్తాలో కృష్ణా ఒడ్డున కాదు, ఈ పక్క గోదావరి ఒడ్డున, కాటారం దగ్గరి పల్లెలో. చదువుకు వాల్తేరు పోయినప్పుడు హాస్టల్లో ఆయన మాటను వెక్కిరించారు. నాటకాల్లో సేవకుడి వేషం ఇచ్చి, ‘నీ మాట నువ్వు మాట్లాడు చాలు, జనం నవ్వుతారు’ అన్నారు. ఆయన తిరిగొచ్చేసరికి ఆ మాట నాలుక మీద లేదు. ముప్పై ఏళ్లు ఎర్రసిరా పెట్టి పిల్లల పేపర్లలో కూడా లేకుండా చేశాడు.

అలాంటి మనిషికి రిటైరయ్యే వయసులో కొత్త పిచ్చి పట్టుకుంది. సెలవొస్తే సంచి భుజాన వేసుకుని పల్లెలకు పోయి, ముసలివాళ్ల నోట మాటలు ఏరుతున్నాడు. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. దాని మీద అర్థం, ఒక వాక్యం, అది చెప్పినవాళ్ల పేరు. నిఘంటువు చేస్తాడట. జనగామ చుట్టుపక్కల అయిపోయింది. మహబూబాబాద్ వైపు అయిపోయింది. ఇక మిగిలింది ఆయన పుట్టిన గోదావరి పక్క.

ఎండాకాలం సెలవులకు ముందురోజు ఆయన స్టాఫ్‌రూములో సంచి సర్దుకుంటున్నాడు. విద్యాసాగర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

“సార్, ఒక మాటడుగుత. కోపం జేయొద్దు.”

“అడుగు.”

“రిటైరై ఇంటికాడ కూసోని రాసుకోవచ్చు గద సార్? నిఘంటువుకు కుర్చీ ఎందుకు?”

సార్ సంచి పక్కన పెట్టాడు. “కాలేజీ ప్రొఫెసరునని వెళ్తే సర్పంచి మంచం వేయిస్తాడు. ఫారెస్టు చెక్‌పోస్టులో గేటు ఎత్తుతారు. ఆడవాళ్లు నమ్మి మాట్లాడతారు. రేపు ఏమీకానివాడిగా వెళ్తే, ఎవడీ ముసలివాడు, మా మాటలు ఎందుకు రాసుకుంటున్నాడని పోలీసులకు చెప్తారు. ఆ అడవి పక్క రోజులెలా ఉన్నాయో నీకు తెలియదా?”

“మరి క్లాసు సంగతేంది సార్? నిన్న నిద్రవోయిన్రు.”

అన్నాక విద్యాసాగర్‌కే భయమేసింది. సార్ మాత్రం తల ఊపాడు.

“తెలుసు. పిల్లలు వాక్యం పూర్తిచేశారు. తప్పుల్లేకుండానే చేశారు.” కాస్త నవ్వాడు. “నాకు పాఠం చెప్పడం ఎప్పుడో అయిపోయింది విద్యాసాగర్. నేర్చుకోవడం ఇప్పుడు మొదలైంది. కానీ జీతమిచ్చేది చెప్పినందుకు కదా, నేర్చుకున్నందుకు ఎవడిస్తాడు?”

“ముప్పై ఏండ్లు మీరే కొట్టేసిన్రు ఆ మాటల్ని. ఇప్పుడు మీరే ఏరుకుంటున్నరు.”

“కొట్టేసినవాడికే కదా తెలిసేది, ఎన్ని కొట్టేశాడో.”

ఆ మాట తర్వాత ఆయన కొంచెంసేపు కిటికీలోంచి గేటు వైపు చూశాడు. తర్వాత విద్యాసాగర్ ఎన్నడూ వినని గొంతుతో, వినని యాసతో అన్నాడు.

“ఇంకో సాలు. గంతే. గోదారొడ్డు ఒక్కటే మిగిలింది. ఎనక నేనే నిన్ను ఈ కుర్చీల కూసోవెడ్త.”

ఏడాదిని సాలనడం విద్యాసాగర్ ఇంట్లో రోజూ వినేదే. ఆ నోట వినడం అదే మొదటిసారి.

“నాకు వయసు దాటుతది సార్.”

“కమిటీకి చెప్త లే” అన్నాడు సార్, సంచి తాడు బిగిస్తూ. ఏం చెప్తాడో చెప్పలేదు. తాడు ముడి సరిగా పడలేదని మళ్లీ విప్పి కట్టుకున్నాడు.

బస్టాండు దాకా సంచి విద్యాసాగరే మోశాడు. కండక్టరు దూరం నుంచే చూసి కేకేశాడు. “ప్రొఫెసర్ సారొచ్చిండు, ముంగట జాగియ్యుండ్రి!” ఇద్దరు లేచారు. సార్ కూర్చున్నాడు. బస్సు కదిలింది.

కమిటీ సమావేశం జూన్‌లో జరగాలి. మే నెలలోనే పెట్టారు. ప్రెసిడెంటు పానకాలరావు కాశీయాత్రకు పోతున్నాడట.

పానకాలరావుది గుంటూరు వైపు. ఎప్పుడో వచ్చి రైసుమిల్లు పెట్టి, జనగామలోనే స్థిరపడ్డాడు. సమావేశం మిల్లు ఆఫీసులోనే. సెక్రటరీ జగపతిరావు దేవరుప్పుల దొర. పెద్ద భూములు, పెద్ద మీసాలు, చిన్న మాటలు. తీర్మానాలు రాయడానికి, చేతిరాత బాగుంటుందని, విద్యాసాగర్‌ని పిలిచారు. తన తలరాత తనే రాయబోతున్నాడని అతనికి అప్పుడు తెలియదు.

“సోమనర్సయ్య మాస్టారి సంగతేమిటండీ?” అన్నాడు పానకాలరావు.

“క్లాసుల నిద్రవోతున్నడట గద” అన్నాడు జగపతిరావు.

“పోనీండి. నేను మిల్లులో పోవట్లా? నాకాయనంటే ఇష్టమండీ. ఈ ఊళ్లో శుభ్రంగా మా తెలుగు మాట్లాడేది ఆయనొక్కడే.”

జగపతిరావు మీసం సవరించుకున్నాడు. “అవునవును. మాది మురికి తెలుగు.”

“అబ్బే, నా ఉద్దేశం అది కాదు!” పానకాలరావు నొచ్చుకున్నాడు. “ఉంటానంటే ఉంచేద్దాం. వద్దంటే ఘనంగా సన్మానం చేసి పంపిద్దాం. ఏ సంగతో ఆయన నోటే విందాం.”

సార్ అప్పుడు మహదేవపూర్‌లో ఉన్నాడు. అక్కడి పోస్టాఫీసుకు ట్రంకాల్ బుక్ చేశారు. మనిషిని పిలిపించాలి, లైను దొరకాలి. టీలు వచ్చాయి, పోయాయి. విద్యాసాగర్ తీర్మానాల పుస్తకంలో తేదీ వేసి పెట్టాడు. సార్ ఒక్క మాట ‘ఉంటా’ అంటే తను అయిపోయినట్టే. ఇన్నేళ్లుగా ఎక్కి దిగిన రైళ్లన్నీ ఊరికే పోయినట్టే.

గంట మోగింది. పానకాలరావు రిసీవరు ఎత్తి మిల్లు దద్దరిల్లేలా అరిచాడు. “మాస్టారూ! నేనూ, పానకాలరావుని! ఇంకో ఏడాది చేస్తారా? మానేస్తారా?”

అవతల గాలివాన కురుస్తున్నట్టు ఒకటే గరగర. దానిలోంచి ముసలి గొంతు, ప్రాణమంతా పెట్టి అరుస్తోంది. పానకాలరావు రిసీవరును చెవికి దూరంగా పట్టుకున్నాడు. గదిలో అందరికీ వినపడింది.

“ఇంకో సాలు! ప్రెసిడెంటు గారూ... ఇంక... సాలు! సాలు!”

లైను తెగింది.

పానకాలరావు రిసీవరు పెట్టి జాలిగా తల ఆడించాడు. “ఇంక చాలు అంటున్నాడు. పాపం, ఎంత విసిగిపోయాడో, మళ్లీ మళ్లీ అన్నాడు. అంతేగా రావు గారూ?”

జగపతిరావు కూడా ఈ పక్క మనిషే. ఆయన ఇంట్లో జీతగాడిని పెట్టుకునేది సాలు లెక్కనే, దుక్కి దున్నించేది సాలు లెక్కనే. ఆయనకు అర్థం కాకపోవడమన్నది లేదు. కానీ ఆయన తమలపాకుకు సున్నం రాస్తూ, తలెత్తకుండా అన్నాడు.

“నాకు సరిగ ఇనరాలే. ఆయన శిష్యుడు ఈడనే ఉన్నడు గద. అడుగుండ్రి.”

“అవునయ్యా విద్యాసాగర్! సాలు అంటే మీవైపు చాలు అనేగా?”

విద్యాసాగర్ లేచి నిలబడ్డాడు. తమ పక్క సాలు అంటే చాలు. సాలు అంటే ఏడాది. సాలు అంటే నాగలి గీసిన గీత. ఏది ఎప్పుడో ముందున్న మాట చెప్తుంది. సార్ అన్నది ‘ఇంకో’ అని అతను స్పష్టంగా విన్నాడు. స్టాఫ్‌రూములో విన్న గొంతే, విన్న మాటే.

నోరు తెరిచాడు. వచ్చిన ఉచ్చారణ అచ్చంగా సార్ నేర్పిందే.

“సాలు అనే మాట లేదండీ. ఉన్నది చాలు ఒక్కటే. సోమనర్సయ్య సారే మాకు చెప్పారు.”

“అదీ!” అన్నాడు పానకాలరావు. “రాసెయ్.”

జగపతిరావు తలెత్తి అతన్ని ఒక్కసారి చూశాడు. మెచ్చుకున్నట్టు చూశాడు. విద్యాసాగర్ వంగి, గుండ్రటి అక్షరాలతో రాశాడు: ‘ఇక చాలునని ప్రొఫెసరు గారు స్వయముగా తెలియజేసినందున...’

ఇంటికి పోయి విమలకు కుర్చీ ఖాళీ అయిందని మాత్రమే చెప్పాడు. ఆమె ఆ పూట పాయసం చేసింది. “సారే లేచి జాగ ఇచ్చిండా? దేవునసొంటోడు” అంది. అతను పాయసం తిన్నాడు.

ఇంటర్వ్యూ జూన్‌లో జరిగింది. ఉద్యోగం శ్రీపాల్‌కు వచ్చింది. శ్రీపాల్ జగపతిరావు అల్లుడు. ఎమ్మే పాసైన కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు.

విద్యాసాగర్ మిల్లు వరండాలో స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. జగపతిరావు బయటికొచ్చి భుజం తట్టాడు.

“గా దినం మంచిగ చెప్పినవ్ తమ్మీ. నేను గూడ గట్లనే ఇన్న.” కిళ్లీ ఉమ్మి, మళ్లీ అన్నాడు. “పరేషాన్ కాకు. నీ పార్ట్‌టైం యాడికి పోదు.”

వారం తిరక్కుండానే శ్రీపాల్ స్టాఫ్‌రూముకొచ్చాడు. మర్యాద తెలిసిన కుర్రాడే. “అన్నా, పాత సార్ నోట్సు నీ కాడ ఉన్నదా? పిల్లలకు గదే అలవాటట. కొత్తది చెప్తే రాసుకుంటలేరు.”

విద్యాసాగర్ ఇచ్చాడు. మర్నాడు వరండాలోంచి వెళ్తుంటే వినపడింది. శ్రీపాల్ గొంతు గంటలా మోగుతోంది. “కావున ఈ పద్యమున కవి హృదయము...” వెనక బెంచీ మొత్తం అందుకుంది. “...మనకు తేటతెల్లమగుచున్నది!”

కొత్త లెక్చరరు నిద్రపోలేదు. తేడా అదొక్కటే.

సన్మానానికి సార్ రాలేదు. రెండు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. కాశీ నుంచి తిరిగొచ్చిన పానకాలరావు శాలువా కొన్నాడు. “ఆయనకు నువ్వంటే అభిమానం. తీసుకెళ్లి కప్పి రావయ్యా” అన్నాడు. కాదనడానికి విద్యాసాగర్‌కు కారణం దొరకలేదు. ఉన్న కారణం చెప్పేది కాదు.

హనుమకొండ, పరకాల, భూపాలపల్లి, కాటారం. బస్సులు మారి, అడవి దాటి, మధ్యాహ్నానికి మహదేవపూర్ చేరాడు. పోస్టాఫీసు అరుగు మీద సార్ కూర్చుని ఉన్నాడు. పక్కన సంచి. గడ్డం పెరిగింది. ధోవతి మాసింది.

“రా విద్యాసాగర్. కూసో.”

ఇప్పుడాయన నోట ఆ యాస తప్ప మరొకటి లేదు.

“సన్మానం సార్. ప్రెసిడెంటు గారు పంపిన్రు.”

సార్ శాలువా విప్పి చూశాడు. “ఊలుది. మంచిగున్నది. ఈ ఉక్కపోతల బాగ పనికొస్తది.” మడిచి సంచిలో పెట్టాడు. “సర్పంచి మంచం ఎత్తిపిచ్చిండు. నౌకరి పోయినోనికి మంచమెందుకని ఎవలో చెప్పిన్రట. మొన్న చెక్‌పోస్టు కాడ ఆపిన్రు. ఏ కాలేజీ అన్నరు. ఏం చెప్పాలె?”

“ఇంటికి పోదాం సార్.”

“పోదాం. బస్సుకు జర టైమున్నది.” ఆయన విద్యాసాగర్ వైపు తిరిగాడు. “ఫోన్ల నా మాట ఇనవడ్డదా?”

“లైను మంచిగ లేకుండె సార్.”

“నువ్వున్నవా అక్కడ?”

“ఉన్న.”

“ఏమినవడ్డది నీకు?”

విద్యాసాగర్ రోడ్డు వైపు చూశాడు. “ఇంక చాలు అని.”

సార్ ఆ మాటను నాలుక మీద రుచి చూస్తున్నట్టు పలికాడు. “చాలు. చకారం మంచిగ పలికినవ్. నేర్పింది నేనే గద.”

సంచిలోంచి ఒక చీటీ, చెవి మీది నుంచి పెన్సిలు తీశాడు. చీటీ మీద పెద్ద అక్షరాలతో ‘సాలు’ అని రాసి ఉంది. కింద మూడు అర్థాలు, ఒక్కోదాని కింద ఖాళీ.

“పోరగాండ్లకు పరీక్షల ఇచ్చేటోళ్లం యాదున్నదా? ఈ పదాన్ని సొంత వాక్యంల పెట్టు. మొదటి అర్థం. తగినంత.”

“సార్, ఇప్పుడు ఎందుకు...”

“చెప్పు.”

విద్యాసాగర్ సంచి మీద చెయ్యి వేశాడు. “ఇగ సాలు సార్, ఇంటికి పోదాం.”

సార్ శ్రద్ధగా రాసుకున్నాడు. వాక్యం చివర, అందరికీ రాసినట్టే, పేరు కూడా రాశాడు: ‘చెప్పినవారు, విద్యాసాగర్, జనగామ.’

“మంచి వాక్యం. రెండో అర్థం. ఏడాది.”

రోడ్డు మీద ఎడ్లబండి పోయింది. పోస్టాఫీసులో ముద్ర కొడుతున్న చప్పుడు. సార్ పెన్సిలు పట్టుకుని, పరీక్ష హాల్లో నిలబడ్డట్టు, ఓపిగ్గా చూశాడు. తర్వాత చీటీని సంచిలో వేశాడు.

“ఖాళీగ పెడ్త. దానికి చెప్పెటోళ్లు దొరకలే.”

ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. “నౌకరి నీకొచ్చిందా?”

“శ్రీపాల్‌కొచ్చింది సార్. జగపతిరావు అల్లునికి.”

సార్ నవ్వలేదు. తిట్టలేదు. ఆ ఒక్క మాటకు మాత్రం ఆయన మొహం నిజంగా ముసలిదైపోయింది. “కనీసం నీకన్న రావాల్సుండె” అన్నాడు. “అయితె నా కుర్చీ ఉత్తగనే పోయింది.”

బస్సు నిండుగా వచ్చింది. మెట్ల మీద దాకా జనం. విద్యాసాగర్ ఆయన్ని చెయ్యిపట్టి ఎక్కించాడు. ఎవరూ లేవలేదు. ఈ కండక్టరుకు ఆయనెవరో తెలియదు.

“ఓ తాతా! మెట్ల కాడ నిలవడ్డవేంది? ఎనకకు జరుగు. ఇంకా జరుగు.”

సార్ జరిగాడు. బస్తాల మధ్యకు, మనుషుల మధ్యకు, సంచి గుండెకు అదుముకుని జరిగాడు.

“సాలా?” అన్నాడు.

“సాలు తీ, సాలు” అన్నాడు కండక్టరు, ఈల వేస్తూ.

సార్ చెయ్యి అలవాటుగా చెవి మీది పెన్సిలు కోసం పైకి లేచింది. సగంలో ఆగింది. పైనున్న కడ్డీని పట్టుకుంది.